రాజ్యం పడ్డ బాకీ

శ్రీకాకుళం కథకుడు కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో పంచాయతీ తీర్పు పేదవాణ్ణి అప్పు తీర్చి తీరమంటుంది. ఆ కథ చెప్పినప్పుడల్లా నాకొక ప్రశ్న: బాకీపడ్డది ప్రభుత్వమే అయితే?

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 82వ సెక్షన్ ప్రకారం సర్కారుపై వచ్చిన డిక్రీని మూడు నెలలదాకా అమలుకు పెట్టరాదు. వలసపాలకుల ఈ వెసులుబాటును స్వతంత్ర ప్రభుత్వాలూ వదులుకోలేదు. నెల్లూరు జిల్లా మహిళా రైతుకు భూపరిహారం ఇమ్మని హైకోర్టు 2017లో చెప్పింది. అది సకాలంలో అందనందున 2021లో అధికారులకు ధిక్కార శిక్ష వేసింది. వారికి మాత్రం అప్పీలుకు వ్యవధి దొరికింది!

చెర్నోబిల్‌లో పనిచేసి రేడియేషన్ పాలైన బుర్దోవ్‌కు తీర్పు సొమ్ము ఇవ్వని రష్యాను, 2002లో యూరోపియన్ మానవహక్కుల కోర్టు తప్పుపట్టింది. నిధులు లేవన్నది సాకు కాదంది.

వంశధార, నాగావళి ప్రాజెక్టులకు భూములిచ్చిన మన పల్లెలకు ఇది పరాయి మాట కాదు. పేదవాడి బాకీని కథ చేసిన మనం రాజ్యం బాకీనీ కథ చెయ్యాలి.