పొర లోపలి వంకర

రాగి క్లోరైడును, ఇథైల్ అమోనియము క్లోరైడును కలిపిన ద్రావణమును నెమ్మదిగా ఆరనిచ్చినచో పసుపుపచ్చని పలుచని పలకలు ఏర్పడును. అభ్రకమువలె ఇవియు పొరలు పొరలుగా నుండును. ప్రతి పొరలోను రాగి, క్లోరిను అయానులు వలవలె అల్లుకొనియుండును; పొరల నడుమ కర్బన అణువులు నిలిచి వానిని ఎడముగా నుంచును. సుమారు 10 కెల్వినుల శైత్యమున ఒక్కొక్క పొరలోని రాగి స్పిన్నులన్నియు ఒకే దిక్కునకు తిరుగును. దీని కారణము ఒక పొరపాటును దిద్దుటలో బయటపడినది.

రాగి అయాను చుట్టును ఆరు అయానులు సమదూరమున నిలువజాలవని 1937లో యాన్, టెల్లర్ అనువారి సిద్ధాంతమువలన తేలినది. సాధారణముగా ఎదురెదురుగా నున్న రెండు దూరమగును. తక్కిన నాలుగు దగ్గరగును. రాగిలోని జతలేని ఎలక్ట్రాను మేఘము ఆ దగ్గరి నాలుగింటి వైపు వ్యాపించును.

1959లో నాక్స్ ఇట్టి పొరలే గల పొటాసియము రాగి ఫ్లోరైడును ఎక్స్-కిరణములతో పరీక్షించెను. ఇందు ఫ్లోరిను అయానుల అమరిక సాగలేదనియు, పొరకు నిలువుగా అణగియున్నదనియు అతడు చెప్పెను. కాని ఆ పదార్థము 6.25 కెల్వినుల దిగువ ఫెర్రో అయస్కాంతమని తరువాత తెలిసినది. ఇది పొసగదని 1973లో సోవియట్ శాస్త్రజ్ఞులు కూగెల్, ఖోమ్‌స్కీ వాదించిరి. అమరిక అణగియున్నచో పొరుగు మేఘములు ఎదురుపడి స్పిన్నులు వ్యతిరేక దిక్కులు పట్టవలెను. అవి ఒకే దిక్కు పట్టవలెనన్న సాగిన అక్షము పొరలోనే పరుండవలెను. ఒక రాగికి అది తూర్పు పడమరలుగా నున్నచో, పొరుగు రాగికి ఉత్తర దక్షిణములుగా నుండవలెను. అప్పుడు మేఘములు ఒకదానితో నొకటి కలియవు.

1974లో హెగెలె, బాబెల్ మరల పరీక్షింపగా అట్లే తేలినది. మొదట పొడుగు, పొట్టి బంధములు సగటైపోయి సమానముగా కన్పట్టినవి.

కర్బన అణువుల పొరలలోను ఇదే రహస్యము. పొడుగు బంధము సుమారు 2.9, పొట్టిది సుమారు 2.3 ఆంగ్‌స్ట్రాములు. ఆమ్‌స్టర్‌డామ్‌లో డి యాంగ్, మీడెమా మున్నగువారు కర్బన గొలుసును పెంచుచు పొరల ఎడమును 10 నుండి 26 ఆంగ్‌స్ట్రాముల వరకు హెచ్చించిరి. ఐనను స్పిన్నులు కూడు ఉష్ణోగ్రత 10 కెల్వినుల దరిదాపులనే నిలిచినది. కావున ఇచ్చట అయస్కాంత బలము పుట్టునది పొరల నడుమ కాదు, పొర లోపలి వంకరలోనే. ఆ వంకర ఎంతయని కొలిచిన చాలదు. ఏ దిక్కునకో గూడ ఎరుగవలెను. ఎక్స్-కిరణములకు మొదట చిక్కని ఆ దిక్కును అయస్కాంతమే తెలియజెప్పినది.