నాలుగు ఊళ్లు మరిగించిన రామెన్

జపాన్‌లో రామెన్ కొట్టుకు వెళ్తే వంటవాడి చేతులు చూస్తూ కూర్చోవచ్చు. ముందు ఖాళీ గిన్నెలో చిన్న గరిటెడు ‘తారె’ పోస్తాడు. సోయా సాసో, ఉప్పు ద్రావణమో, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దో, ఏదైనా ఉప్పదనమంతా అందులోనే ఉంటుంది. దాని మీద గంటల తరబడి ఎముకలు మరిగిన సూపు, ఓ చెంచాడు కొవ్వు. ఆ తర్వాతే నూడుల్స్.

మెనూలో షోయు, షియో, మిసో, టోన్‌కొత్సు అని నాలుగు పేర్లు వరసగా కనిపిస్తాయి. మొదటి మూడూ తారెను బట్టి వచ్చినవి: షోయు అంటే సోయా సాసు, షియో అంటే ఉప్పు. నాలుగోది పంది ఎముకల సూపును బట్టి వచ్చింది. ఈ నాలుగూ ఏ ఒక్క వంటింట్లోనో పుట్టలేదు. ఏ ఊరికి చేతికందిన సరుకుతో ఆ ఊరు తన సూపు కాచుకుంది.

రేవుల్లో దిగిన నూడుల్స్

1859లో యోకోహామా, హకోడాటే, నాగసాకి రేవులు విదేశీ వర్తకానికి తెరుచుకున్నాయి. వర్తకులతో పాటు చైనా వంటవాళ్లూ వచ్చారు. జపాన్‌లో శతాబ్దాలుగా మాంసాహారం మీద ఆంక్షలుండేవి. 1872లో మెయిజీ చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నారన్న వార్త ఆ కట్టుబాటును సడలించింది. ఎముకల సూపుకు అలా దారి దొరికింది.

యోకోహామా కస్టమ్స్‌లో పనిచేసిన ఒజాకి కన్‌ఇచి 1910లో టోక్యోలోని అసాకుసాలో ‘రైరైకెన్’ అనే కొట్టు తెరిచాడు. యోకోహామా చైనా వీధి నుంచి వంటవాళ్లను తెచ్చుకున్నాడు. టోక్యోకు దగ్గర్లోని నోడా, చోషి పట్టణాలు చిక్కటి సోయా సాసుకు పెట్టింది పేరు. చైనా సూపులో ఆ సాసు కలిసి షోయు రామెన్‌గా స్థిరపడింది.

ఉత్తరాది దీవి హొక్కాయిడోలోని హకోడాటే వాళ్లు సూపును ఉప్పుతోనే వదిలేశారు. కోడి, పంది ఎముకలను సన్న సెగ మీద, తెట్టు తీసేస్తూ, తెర్లనివ్వకుండా కాస్తారు. గిన్నె అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. దక్షిణ హొక్కాయిడో తీరంలో దొరికే కొంబు అనే సముద్రపు నాచు దానికి తోడైంది. దీన్ని చప్పిడి సూపనుకుంటే పొరపాటే. కొంబులోని గ్లుటమేటే ‘ఉమామి’ అనే కమ్మటి రుచికి మూలమని 1908లో రసాయన శాస్త్రవేత్త ఇకెడా కికునాయె తేల్చాడు. ఎండబెట్టిన బొనీటో చేపలో ఇనోసినేట్‌ను 1913లో కొడామా షింతారో గుర్తించాడు. మాంసంలోనూ ఉండే ఈ ఇనోసినేట్, గ్లుటమేట్‌తో కలిస్తే రుచి అనేక రెట్లు పెరుగుతుంది. అందుకే మంచి షియో సూపులో కోడి, కొంబు జంటగా ఉంటాయి.

పాలలా తెల్లబడిన సూపు

క్యుషు దీవిలోని కురుమెలో 1937లో మియామోటో టోకియో ‘నాన్‌కిన్ సెన్‌ర్యో’ అనే బండి పెట్టి పంది ఎముకల సూపుతో నూడుల్స్ అమ్మాడు. అప్పటికి ఆ సూపు ఇంత తెల్లగా లేదు. 1947లో ‘సాంక్యు’ అనే కొట్టులో పొయ్యి మీది సూపు ఏమరుపాటున పెద్ద మంట మీద మరిగిపోయి పాలలా తెల్లబడిందని, పారబోసే ముందు రుచి చూస్తే అద్భుతంగా ఉందని కురుమెలో చెప్పుకుంటారు.

అందులోని కిటుకు ఇదీ: ఎముకల్లోని కొలాజన్ కరిగి జెలటిన్ అవుతుంది. మన మేక కాళ్ల పాయా చల్లారితే గడ్డకట్టేది దానివల్లే. సూపు తెర్లుతున్నప్పుడు కొవ్వు సన్నటి బిందువులుగా చెదిరిపోతుంది. జెలటిన్ వాటిని మళ్లీ కలవనివ్వదు. అందుకే సూపు తెల్లబడి పెదాలకు అంటుకుంటుంది. సన్న సెగకు తేట, పెద్ద మంటకు చిక్కదనం. యుద్ధానంతరపు కరవులో ఎముకలు చవక. ఆకలితో ఉన్న కూలివాడికి ఆ కొవ్వే బలం.

మంచు నేల మీద మిసో

హొక్కాయిడోలోని సప్పోరోలో 1950ల మధ్యలో ‘అజి నో సన్‌పెయి’ అనే కొట్టు యజమాని ఓమియా మోరిటో మిసోను రామెన్‌లోకి తెచ్చాడు. ఇంట్లో రోజూ తాగే మిసో సూపును నూడుల్స్‌తో కలపడం అప్పటికి కొత్త. మొలకలు, ఉల్లి, వెల్లుల్లి పెద్ద మంట మీద వేయించి సూపు పోస్తారు. పైన తేలే పంది కొవ్వు మూతలా వేడిని పట్టి ఉంచుతుంది. ఎముకలు కొరికే హొక్కాయిడో చలిలో ఆఖరి గుక్క దాకా గిన్నె వేడిగానే ఉంటుంది.

ఈ హద్దులు చెరిపినవాళ్లూ ఉన్నారు. 1974లో యోకోహామాలో మొదలైన ‘యోషిమురాయా’ అనే కొట్టు క్యుషు ఎముకల సూపునూ టోక్యో సోయా తారెనూ ఒకే గిన్నెలో పోసింది. ‘ఇయెకెయి’ అనే కొత్త శాఖే పుట్టింది.

కాబట్టి రామెన్ తినబోయేవాళ్లు రెండు ప్రశ్నలు అడగాలి: తారె ఏది? సూపు దేనితో కాచారు? జపాన్‌కు చదువుకో, ఉద్యోగానికో వెళ్లే మనవాళ్లకు రెండోది మరీ ముఖ్యం. పేరు ‘షియో’ అయినా, ‘మిసో’ అయినా అడుగున పంది ఎముకల సూపే ఉండొచ్చు. శాకాహారులు కొంబు, ఎండు షీటాకే పుట్టగొడుగులతో కాచినదేనా అని కనుక్కోవాలి. బౌద్ధ మఠాల వంటల్లో ఎప్పటినుంచో వాడుతున్న సూపు అది. ఎముక ముక్క లేకుండానే ఉమామి అందులో నిండుగా ఉంటుంది.