బిల్లీ సైకిలు పద్దు

పాల లెక్క, ఇస్త్రీ పద్దు, గ్యాసు బండ వచ్చిన తేదీ... ఇవన్నీ క్యాలెండరు మీద రాసేది మనమే. మన ఒంటి కష్టానికి మాత్రం ఏ పద్దూ ఉండదు. అందుకేనేమో, 1938లో ఏడాది పొడుగునా తన సైకిలు ప్రయాణానికి లెక్క రాసిపెట్టిన ఒక ఆవిడ కథ నాకు బాగా నచ్చింది.

ఆవిడ పేరు బిల్లీ డోవీ. తర్వాతి కాలంలో బిల్లీ ఫ్లెమింగ్. 1914లో లండన్‌లో పుట్టింది. పద్దెనిమిదేళ్ళప్పుడు సైకిలు నేర్చుకుంది. వ్యాయామం చేస్తే ఒళ్ళు బాగుంటుందని ఆడవాళ్ళకి చెప్పాలని ఆవిడ తపన. ఊరికే చెప్తే ఎవరు వింటారు? చేసి చూపించాలనుకుంది. 1938 జనవరి 1న మొదలుపెట్టి ఆ ఏడాదంతా రోజూ సైకిలు తొక్కింది. రడ్జ్-విట్‌వర్త్ కంపెనీ సైకిలు ఇచ్చింది. దానికి మూడే గేర్లు. పగలు తొక్కడం, సాయంత్రాలు ఆగిన చోట ఆరోగ్యం గురించి నలుగురికీ చెప్పడం.

మరి ఇంత దూరం తొక్కానంటే నమ్మేదెలా? అప్పట్లో సైక్లోమీటరని చక్రం దగ్గర ఒక చిన్న పరికరం ఉండేది. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఊచకి బిగించిన మేకు దాని పళ్ళని ఒకసారి తడుతుంది. అలా చుట్లు లెక్కపెట్టి మైళ్ళు చూపిస్తుంది. దారిలో కలిసినవాళ్ళ చేత కార్డు మీద సంతకం చేయించి, 'సైక్లింగ్' పత్రికకి పోస్టు చేసేది. ఏడాది చివరికి తేలిన లెక్క 29,603.7 మైళ్ళు. అంటే సుమారు 47,640 కిలోమీటర్లు!

సగటున రోజుకి 81 మైళ్ళు. కానీ ఒక్కరోజులోనే 186 మైళ్ళు తొక్కిన సందర్భమూ ఉంది. సగటు అన్ని రోజుల్నీ ఒకే గాటన కట్టేస్తుంది. చలిరోజూ, ఎదురుగాలీ, అలసటా అందులో కనబడవు.

ఇప్పుడు మన పిల్లల ఫోన్లలో వచ్చే లెక్కలూ అంతే. అందులో బయల్దేరినప్పటి నుంచి ఇంటికి చేరేదాకా పట్టిన మొత్తం సమయం ఒకటి, చక్రం కదిలిన సమయం ఇంకొకటి. సిగ్నళ్ళ దగ్గర ఆగింది తీసేసి వేగం చూస్తే ఎక్కువ వస్తుంది, కలిపి చూస్తే తక్కువ వస్తుంది. ఎక్కిన ఎత్తు కూడా చూడాలి. చదును రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లూ, ఘాట్ రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లూ ఒకటి కాదు కదా. పక్కింటివాళ్ళ అంకెతో పోల్చుకుంటే ఏమీ తెలియదు. అదే దారిలో కిందటి నెల మనదే ఎంతో చూసుకుంటే తెలుస్తుంది.

బిల్లీ రికార్డు 2016 దాకా నిలిచింది. ఆ ఏడాది కైసా టిలేన్ అనే ఆవిడ దాన్ని దాటింది. బిల్లీ మాత్రం అది చూడకుండానే, నూరేళ్ళు నిండిన కొద్ది రోజులకి, 2014లో కన్నుమూసింది.

ఈసారి మీ అమ్మాయో, కోడలో సైకిలు తొక్కొచ్చి ఫోన్ చూపిస్తే "ఎంత స్పీడు?" అని ఊరుకోకండి. "ఎత్తు ఎంత ఎక్కావు, ఎదురుగాలి ఉందా?" అని కూడా అడగండి. ఆ పిల్ల పడిన కష్టం అప్పుడు మీ లెక్కలోకీ వస్తుంది.