మధ్యగోడ లేని స్టేషను



అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలో హామ్లెట్ అనే చిన్న పట్టణముంది. రెండు రైలుమార్గాలు కలిసేచోట 1900లో అక్కడ అందమైన చెక్క స్టేషను కట్టారు. ఆనాటి రాష్ట్ర చట్టం ప్రకారం తెల్లవారికి, నల్లజాతివారికి రైలు కోసం కూర్చునే గదులు వేరు. ఏళ్లు గడిచి భవనం పాతబడింది. 2003లో దాన్ని పునాది మీదనుండి లేపి, పట్టాల అవతలికి జరిపి, బాగుచేశారు. రైలు నేటికీ ఆగుతుంది; రంగును బట్టి వేరుచేసే గదులు మాత్రం లేవు.

ఎఫెసీ 2:14లో పౌలు చెప్పిన మధ్యగోడ మనకు తెలుసు. మన మందిరాలకూ మరమ్మతులు చేసుకుంటున్నాం, సున్నాలు వేసుకుంటున్నాం. కాని ప్రభువు బల్ల దగ్గర ఎవరు ఏ పేటవారని ఇంకా చూస్తున్నామా? పాత గోడలు బాగుచేద్దాం. క్రీస్తు పడగొట్టిన గోడను మళ్ళీ కట్టకుందాం. ఆమేన్.