సవ్యసాచి: లాస్లో పాప్ చరిత్రము

ముష్టియుద్ధ మనినంతనే మనవారికి వాలిసుగ్రీవుల ద్వంద్వయుద్ధము స్ఫురించును. ఆ విద్యను నియమబద్ధమైన క్రీడగా నభ్యసించి, వరుసగా మూడు ఒలింపిక్ క్రీడోత్సవములందు స్వర్ణపతకములు గొనిన తొలి ముష్టియోధుడు హంగేరీ దేశస్థుడగు లాస్లో పాప్. ఆతడు 1926వ సంవత్సరము మార్చి 25వ తేదీన బుడాపెస్టు నగరమున జన్మించెను. మన సంచికలో హంగేరీవాని చరిత్ర మేల యని చదువరు లడుగవచ్చును. వ్యాయామశాలలకు బోవు బాలురు మన యిండ్లలోను గలరు. పతకము వేఱు, జీవనము వేఱు అను సంగతి వారి పెద్ద లెఱుగుట మంచిది.

పాప్ బలమంతయు నెడమచేతియందే యుండెను. సవ్యమనగా నెడమ యని నిఘంటువులు చెప్పుచున్నను, లోకమున సవ్యమన్న సరియైనదని వాడుక. అర్జునుని సవ్యసాచి యని కొనియాడుచునే, ఎడమచేత బలపము పట్టిన పిల్లవానిని మనము మందలింతుము. బడిపంతులుగా నేనును ఆ తప్పు పెక్కుమార్లు చేసితిని.

1948లో లండనునందు మధ్యమ తరగతి తుదిపోరున ఆంగ్లేయుడగు జాన్ రైట్‌ను, 1952లో హెల్సింకియందు దక్షిణాఫ్రికావాడగు వాన్ షాల్క్‌విక్‌ను ఓడించెను. నడుమ 1949, 1951లలో ఐరోపా విజేతయు నయ్యెను. మూడవ విజయము కష్టకాలమున లభించెను. 1956 అక్టోబరు 23న బుడాపెస్టులో తిరుగుబాటు చెలరేగెను. నవంబరు 4న సోవియట్ సేనలు దానిని అణచివేయ నారంభించెను. అదే నెల 22న మెల్‌బోర్నులో క్రీడలు ప్రారంభమయ్యెను. ఇల్లు మండుచుండగా బరిలో నిలుచుట సామాన్యమా? పాప్ అమెరికా పక్షమున పోరిన హోసే టోరెస్‌ను గెలిచెను. ఆ టోరెస్ 1965లో వృత్తియోధులలో జగజ్జేత యయ్యెను. హంగేరీ క్రీడాకారులలో పలువురు మరల స్వదేశము చేరలేదు, పాప్ చేరెను.

ఔత్సాహికునకు పోరాటమువలన ధనము రాదు. పతకము కూడు పెట్టదు గదా! ఆ రాజ్యమున ధనార్థమైన క్రీడ నిషిద్ధమైనను, పాప్‌నకు మాత్రము 1957లో ప్రత్యేకానుజ్ఞ లభించెను. అప్పటికాతనికి ముప్పదియొక్క యేండ్లు. వియన్నా నగరమునకు బోయి సాధన చేయవలసి వచ్చెను. 1962లో వృత్తియోధులలోను ఐరోపా విజేత యయ్యెను. ఇరువది తొమ్మిది పోరులలో ఇరువదియేడు జయములు, రెండు సమములు. ఓటమి యొక్కటియు లేదు. ప్రపంచ విజేత పదవికై పోరాడు తరుణము సమీపింపగా, 1965లో ప్రభుత్వము దేశము దాట ననుమతి నిరాకరించెను. ఏ ప్రత్యర్థియు పడగొట్టజాలని వానిని ఒక్క కాగితము నిలిపివేసెను. ఇది నాకు మిక్కిలి యన్యాయముగ దోచును.

అటుపిమ్మట 1971 మొదలు 1992 వఱకు జాతీయ జట్టునకు శిక్షకుడై యుండెను. 2003 అక్టోబరు 16న మృతినొందెను. బుడాపెస్టులోని మహాక్రీడామందిరమునకు ఆతని పేరే పెట్టిరి.