చీపుర్ల కటకటాల వెనక

1960ల్లో అమెరికా వైద్య పత్రికల్లో వచ్చిన ఒక మందు ప్రకటన నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. చీపుర్లు, తుడుపుకర్రలు కటకటాల్లా నిలబడి ఉంటాయి. వాటి వెనక ఒక గృహిణి. ఆమెను విడిపించడం మీ వల్ల కాదు, ఆందోళన మాత్రం తగ్గించగలరు అని డాక్టర్లకు చెబుతుందా ప్రకటన. మందు పేరు సెరాక్స్. బెంజోడయాజెపిన్ల కుటుంబంలోది. ఇంటిచాకిరీ చెర అని మందుల కంపెనీకీ తెలుసన్నమాట!

ఈ కుటుంబంలో తొలి మందుల్ని తయారుచేసింది హాఫ్‌మన్-లా రోష్ కంపెనీలో రసాయన శాస్త్రవేత్త లియో స్టెర్న్‌బాక్. 1960లో లిబ్రియం, 1963లో వాలియం మార్కెట్లోకి వచ్చాయి. అంతకుముందు వాడిన బార్బిచ్యురేట్లు మోతాదు మించితే ప్రాణం తీసేవి. వాటితో పోలిస్తే ఇవి నిజంగానే మేలు. 1978లో ఒక్క వాలియం మాత్రలే సుమారు 230 కోట్లు అమ్ముడయ్యాయి. మగవాళ్ళకంటే దాదాపు రెట్టింపుగా ఆడవాళ్ళకు రాశారు.

మెదడులో ఈ మందులు అతుక్కునే చోటు 1977లో బయటపడింది. నాడీకణాల ఉద్రేకాన్ని అణిచే గాబా అనే రసాయనానికి ఇవి బలమిస్తాయి. నెలల తరబడి మింగితే మెదడు వాటికి సర్దుకుంటుంది. హఠాత్తుగా మానేస్తే నిద్ర పట్టదు, ఒళ్ళు వణుకుతుంది, ఒక్కోసారి మూర్ఛలొస్తాయి. 1979లో అమెరికా సెనేట్ ఈ బాధల మీద విచారణ జరిపింది. 2010లో జెనీవాకు చెందిన క్రిస్టియన్ లూషర్ బృందం ఎలుకల్లో మరో సంగతి చూపింది. డోపమైన్ కణాలకు కళ్ళెం వేసే కణాలను ఈ మందులు జోకొడతాయి. కళ్ళెం సడలగానే డోపమైన్ పెరుగుతుంది. నల్లమందు జాతి మత్తులదీ ఇదే దారి. మరి మానలేకపోయిన స్త్రీని మనోబలం లేనిదని ఎలా అనగలం?

మింగేవాళ్ళలో స్త్రీలే ఎక్కువ. పరీక్షల్లో? పిల్లల్ని కనే వయసు స్త్రీలను తొలిదశ మందుల పరీక్షల నుంచి దూరంగా ఉంచాలని అమెరికా ఎఫ్‌డీఏ 1977లో చెప్పింది. 1993లో గానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. 1992లో అనుమతి పొందిన జోల్పిడెం అనే నిద్రమాత్ర స్త్రీల ఒంట్లోంచి నెమ్మదిగా పోతుందని, వాళ్ళ మోతాదు 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించమన్నది 2013లో. ఇరవై ఏళ్ళకు పైనే!

ఇదంతా ఎక్కడో అమెరికా కథ అనుకోలేను. మన తెలంగాణలో కల్తీ కల్లు కేసుల్లో పదేపదే పట్టుబడే అల్ప్రాజోలం ఈ కుటుంబానిదే. పగలంతా ఒళ్ళు హూనం చేసుకున్న కూలిమనిషికి అది డాక్టరు చీటీ లేకుండానే చేరుతోంది.

2023లో బాలింతల కుంగుబాటు కోసం జురానొలోన్ అనే మాత్రకు అమెరికాలో అనుమతి దొరికింది. అదీ గాబా దారినే పనిచేస్తుంది. కానీ ఈసారి పరిశోధన స్త్రీ శరీరంలో ప్రొజెస్టెరాన్ నుంచి పుట్టే ఒక రసాయనంతో మొదలైంది. దీన్ని నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. బాధ నిజమైనప్పుడు మందు కావాల్సిందే. అయితే రాత్రి బిడ్డ ఏడిస్తే లేచేదెవరు, తెల్లారి చీపురు పట్టేదెవరు అన్న ప్రశ్నలకు జవాబు ఏ ప్రయోగశాలా ఇవ్వదు. అది మన ఇళ్ళల్లో తేలాల్సిందే.