43 పక్కన చేరిన ‘ఎ’

కేంద్ర ప్రభుత్వోద్యోగుల సెలవు నిబంధనల్లో 43వది ప్రసూతి సెలవు. తండ్రికి దక్కింది 43-ఎ. ఆ తోక చూస్తేనే కథ సగం అర్థమవుతుంది. 1972లో వాటిని రాసినప్పుడు మగ ఉద్యోగికి పురుటింట్లో పనేమిటనుకున్నారు కాబోలు!

ఆ తర్వాత రెండేళ్లకే స్వీడన్ తల్లి సెలవును తల్లిదండ్రుల ఉమ్మడి సెలవుగా మార్చేసింది. తండ్రులేమీ ఎగబడలేదు. కండలు తిరిగిన వెయిట్‌లిఫ్టర్ చేతిలో పసిబిడ్డను పెట్టి పోస్టర్లు వేసినా అంతంతమాత్రమే. చివరికి 1995లో ఒక నెల తండ్రికే కేటాయించి, వాడుకోకపోతే పోతుందన్నారు. అప్పుడు కదిలారు.

మన దగ్గర తండ్రి సెలవు వేతన సంఘం పద్దులో వచ్చింది. జస్టిస్ రత్నవేల్ పాండియన్ అధ్యక్షతన ఐదో వేతన సంఘం 1997లో నివేదిక ఇచ్చింది; ఆ ఏడాదే 15 రోజుల పితృత్వ సెలవు మొదలైంది. ఉద్యోగికి బతికున్న పిల్లలు ఇద్దరికంటే తక్కువ ఉండాలి. కాన్పుకు 15 రోజుల ముందు నుంచి, కాన్పయ్యాక ఆరు నెలల లోపు వాడుకోవచ్చు. జీతం కోత లేదు, సెలవు ఖాతాలో తరుగూ లేదు. గడువు దాటితే మాత్రం మురిగిపోతుంది. ఏడాదిలోపు బిడ్డను దత్తత తీసుకున్నవారికీ తర్వాత ఇది వర్తించింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో 231 నంబరు జీవోతో తన ఉద్యోగులకూ 15 రోజులిచ్చింది. ఆరు నెలల వెసులుబాటు మన ఇళ్లకు బాగా కుదిరింది. తొలికాన్పుకు పుట్టింటికెళ్లిన భార్య మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో తిరిగొచ్చేసరికి భర్తకు సెలవు మిగిలే ఉంటుంది.

ప్రైవేటు ఉద్యోగికి ఈ భరోసా లేదు. తల్లి సెలవును 2017లో 26 వారాలకు పెంచిన పార్లమెంటు తండ్రి ఊసెత్తలేదు. అదే ఏడాది ఎంపీ రాజీవ్ సాతవ్ పెట్టిన ప్రైవేటు మెంబరు బిల్లు చట్టం కాలేదు. 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ చోటు దొరకలేదు. ఇక యాజమాన్యం దయ. 2019లో జొమాటో తండ్రులకూ 26 వారాలు ప్రకటించింది. అలాంటి ఉదారత లేనిచోట క్యాజువల్ లీవులే గతి.

ఢిల్లీలో ఒక ప్రైవేటు స్కూలు టీచరు పితృత్వ సెలవు రోజులకు పడిన జీతం కోత మీద కోర్టుకెక్కి, 2009లో హైకోర్టులో నెగ్గారు. గుర్తింపు పొందిన ప్రైవేటు బడి సిబ్బందికి సర్కారు బడి సిబ్బందితో సమాన ప్రయోజనాలివ్వాలన్న ఢిల్లీ విద్యాచట్టమే ఆయన్ని గెలిపించింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పనిచేసే టీచరుకు ఆ చట్టం అక్కరకు రాదు. ముందుగా తన అపాయింట్‌మెంట్ ఆర్డరు, సంస్థ సెలవుల నియమాలు తిరగేసుకోవాలి.